ముగ్గురున్న ఫోటో

పెళ్ళి ఫోటోలో ఎంతమంది ఉండాలో, ఆ ఫోటోలు తీసే శారోన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. ఇద్దరుండాలి. సన్నీ పెళ్ళి ఫోటోలో మాత్రం ముగ్గురున్నారు. సూటు వేసుకుని సన్నీ, అతని పక్కన తెల్ల పట్టుచీరలో, తలమీద వెయిల్ ముసుగుతో జాస్మిన్, ఆ జాస్మిన్ భుజం వెనక చర్చి గోడమీద, ఆమెకన్నా కాస్త పొడుగ్గా, వెయిల్ వేసుకున్న మరో ఆడమనిషి. ఆ మూడో మనిషికి మొహం లేదు. నల్లటి ఆకారం. అంచులు మాత్రం కత్తెరతో కత్తిరించినంత స్పష్టంగా ఉన్నాయి.

అది ఫ్లాష్ వెలుగుకి పడ్డ నీడ. ఆ మాట చెప్పీ చెప్పీ శారోన్‌కి నోరు నొప్పెట్టింది. ఇంకొకరి పెళ్ళయితే ఎవరూ పట్టించుకునేవారు కాదు, ఆల్బం తిరగేసి, బిర్యానీ బాగుందనుకుంటూ లేచిపోయేవారు. కానీ సన్నీకిది రెండో పెళ్ళి. మొదటి భార్య ఎస్తేరు ఆయాసం జబ్బుతో చాన్నాళ్ళు తీసుకుని కిందటేడు పోయింది. ఆమె కూతురు బ్లెస్సీ ఒకటో తరగతి చదువుతోంది. కొత్త కోడలి మనసు నొచ్చుకోకూడదని సన్నీ తల్లి రూతమ్మ, పెళ్ళికి ముందే ఎస్తేరు ఫోటోలన్నీ తీయించి ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ముందుగదిలో ఎస్తేరు ఫోటో ఉన్నచోట ఉత్త మేకు మిగిలింది. ఆ మేకుకే ఈ కొత్త ఫోటో తగిలించాలని వాళ్ళ ఉద్దేశం.

ఆల్బం ఇచ్చిన రోజున శారోన్ అక్కడే కూర్చుని ఉంది. ఫ్రేము కట్టిన పెద్ద ఫోటో రూతమ్మ చేతికిచ్చింది. రూతమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, ముందూ వెనకా ఆలోచించకుండా, "కొప్పు దగ్గర అచ్చం ఎస్తేరేనే" అంది. కాఫీ గ్లాసులు పట్టుకొస్తున్న జాస్మిన్ వాటిని బల్లమీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ కాఫీ ఎవరూ తాగలేదు.

మర్నాడు సన్నీ రాజోలు సెంటర్లో ఉన్న స్టూడియోకి వచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది. అతని మర్యాద శారోన్‌ని నిలువునా చంపేసింది.

"మీ తప్పని నేననట్లేదక్కా. ఆ ఫోటో ఉన్న గదిలోకి జాస్మిన్ అడుగు పెట్టనంటోందండి. నేను దోహా వెళ్ళేలోపు ఇంకోటి తీసి ఇచ్చేయండి. మేమిద్దరమే ఉన్నది. అంతేనండి."

"ఆయ్, ఇచ్చేస్తానండి" అంది శారోన్.

అనేసిందిగానీ ఎలా ఇస్తుందో ఆమెకే తెలీదు. అమలాపురంలో ఫోటోలు కడిగే ల్యాబువాడు ఆ నీడని కంప్యూటర్లో చెరిపి చూపించాడు. నీడతోపాటు వెనక గోడకి కట్టిన తెరమీది బైబిలు వాక్యంలో సగం అక్షరాలూ, జాస్మిన్ చెవి తమ్మె కూడా పోయాయి. చెరిపినచోట మిగిలిన మసక మచ్చ అసలు నీడకన్నా ఎక్కువ మనిషిలా ఉంది. పోనీ పగటివెలుగులో ఆరుబయట తీద్దామంటే రూతమ్మ కుదరదంది. పెళ్ళి ఫోటో కొబ్బరిచెట్ల కింద తీసుకున్నవాళ్ళని ఆవిడ ఎరగదట, పాస్టరుగారు ప్రసంగం చెప్పే పుల్‌పిట్ ముందు నిలబడిందే కావాలట. చర్చిలో పట్టపగలే చీకటి. ఫ్లాష్‌ని పైకప్పుకి కొట్టి ఆ వెలుగు కిందికి రప్పిద్దామా అంటే, పైకప్పుకి ఎవరో దాత ముదురు నీలం వేయించాడు. దాని కింద ఎవరి మొహం తీసినా సిరా పూసినట్టు వస్తుంది.

ఇంతకీ ఈ గొడవంతా కాళ్ళ వల్ల వచ్చింది. ఈ సీమలో పెళ్ళి ఫోటోలో కాళ్ళు తెగ్గొడితే ఊరుకోరు. చీర అంచు కనపడాలి, కుచ్చెళ్ళు కనపడాలి, మగాడి బూట్లు కనపడాలి. మోకాళ్ళ దగ్గర ఆపేస్తే, "ఏమ్మా, డబ్బులు సగమే ఇస్తామన్నామా?" అంటారు. మనిషి నిలువెల్లా రావాలంటే కెమెరాని నిలువుగా తిప్పాలి. కెమెరా అడ్డంగా ఉన్నంతసేపూ ఫ్లాష్ దాని నెత్తిమీద బుద్ధిగా కూర్చుంటుంది, నీడ మనిషి వెనక్కి దిగి దాక్కుంటుంది. నిలువుగా తిప్పగానే ఫ్లాష్ ఓ పక్కకి ఒరుగుతుంది, నీడ రెండో పక్కకి వచ్చి నిలబడుతుంది. శారోన్ తీసిన ప్రతి పెళ్ళిలోనూ అది నిలబడింది. ఇన్నాళ్ళూ దానికెవరూ పేరు పెట్టలేదు, ఇప్పుడు పెట్టారు.

ఆ పేరు అక్కడితో ఆగలేదు. ఈస్టర్ తరవాత ఆ చర్చిలో పెళ్ళిళ్ళున్నాయి. అన్నీ తనకే అనుకుంది శారోన్. ఒకావిడ కబురు చేసి, ఫోటోలు మీ చేతనే తీయిద్దామనుకున్నాం గానీ, ముందు రూతమ్మగారింటి సంగతి తేలనివ్వండి అంది. తేలనివ్వండి అంటే ఏమిటో అర్థం కానంత అమాయకురాలు కాదు శారోన్. ఆ ముందుగది మేకుకి ఇద్దరే ఉన్న ఫోటో ఎక్కితే తను ఫోటోగ్రాఫరు. ఎక్కకపోతే దయ్యాన్ని తీసిన మనిషి.

కావలసిన వస్తువేదో ఆమెకి తెలుసు. ఫ్లాష్ బ్రాకెట్. కెమెరా అడుగున బిగించే ఇనపచెయ్యి. ఫ్లాష్‌ని కెమెరా మీంచి తీసి దూరంగా, ఎత్తుగా పట్టుకుంటుంది. ఆ మాట తండ్రి పేతురుతో అంటే ఆయన మొహం చిట్లించాడు. స్టూడియో పెట్టింది ఆయనే. చూపు తగ్గాక కెమెరా కూతురికిచ్చి, తను మాత్రం కౌంటరు వెనక కుర్చీ వదలకుండా, ఆమె చేసే ప్రతిపనికీ ఒక మాట అంటూ కూర్చున్నాడు. తన రోజుల్లోనూ నీడలు పడ్డాయనీ, ఒక్కళ్ళూ కిక్కురుమనలేదనీ, బ్రాకెట్లూ బొంగులూ కాదు పట్టు ముఖ్యమనీ అన్నాడు.

పట్టంటే ఆయన పట్టు. కెమెరా నిలువుగా తిప్పినప్పుడు కుడిచెయ్యి పైకి పోవాలి, మోచెయ్యి బారుగా పక్కకి లేవాలి. ఎందుకంటే పెళ్ళిలో జనం. దండలు మార్చుకునే వేళకి మేనత్తలూ, మేనమామలూ, సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న పిల్లకాయలూ ఫోటోగ్రాఫరు వీపుమీద ఎక్కుతారు. మోచెయ్యి లేచి ఉంటే ఎవరైనా సరే మూరెడు ఎడంగా నిలబడతారు. "ఆ మోచెయ్యే నీ పొలంగట్టు" అని నేర్పాడు ఆయన. శారోన్‌కి అన్నం తినే చెయ్యెంత అలవాటో ఆ మోచెయ్యీ అంతే అలవాటు. దాని గురించి ఆలోచించడం మానేసి ఏళ్ళయింది.

అమలాపురంలో కెమెరా సామాన్ల కొట్టు శ్యామ్ బాబుది. శారోన్ లోపలికి అడుగుపెట్టగానే, "నాన్నగారు బాగున్నారాండీ? ఏం పట్టుకురమ్మన్నారు?" అన్నాడు. కెమెరా తనదే, పెళ్ళిళ్ళు తీసేదీ తనే, కావలసిందీ తనకే అని ప్రతిసారీ చెప్తుంది, ప్రతిసారీ అతను తలూపుతాడు. ఈసారీ ఊపాడు. ఊపి, బ్రాకెట్ అంటే విననట్టు వీడియో లైటు చూపించాడు. గొడుగు లైటు చూపించాడు. అది మోసుకెళ్ళడానికి ఇద్దరు మనుషులు కావాలంటే, మనుషుల్ని పెట్టుకోండి అన్నాడు. ఆఖరికి విసుక్కుంటూ అటక మీంచి ఒక అట్టపెట్టె దింపి, దుమ్ము ఊది, అందులోంచి ఒంపు తిరిగిన ఇనపబద్దీ తీశాడు. అడుగున ఒక స్క్రూ, ఎడమపక్క నిలువుగా ఒక పిడి, పిడి చివర ఫ్లాష్ కూర్చునే గాడి.

"అందరూ ఇదే పట్టుకెళ్తున్నారండి" అన్నాడు. అందరూ పట్టుకెళ్తుంటే దానిమీద అంత దుమ్మెందుకుందో శారోన్‌కి అర్థం కాలేదు.

ఇంటికి తెచ్చి బిగిస్తే ఫ్లాష్ వెలగలేదు. ఎందుకు వెలుగుతుంది? కెమెరాకీ దానికీ మధ్య సంబంధమే లేదాయె. దానికి వేరే తీగ కావాలట. ఆ మాట కొట్లో ఎందుకు చెప్పలేదని ఫోన్ చేస్తే, మీరు అడగలేదు కదండీ అన్నాడు శ్యామ్ బాబు. తీగ కోసం మళ్ళీ బస్సెక్కింది. అతనిచ్చిన తీగ వేరే కంపెనీ కెమెరాది. సరైనది రేపు రాజమండ్రి నుంచి వస్తుందన్నాడు. ఆ రేపు కోసం శారోన్ ఎన్ని ఫోన్లు చేసిందో, ప్రతి ఫోన్‌లోనూ అతను ఎంత తియ్యగా "ఆయ్, వచ్చేత్తందండి" అన్నాడో చెప్పుకుంటే సిగ్గుచేటు.

తీగ వచ్చింది. ఫ్లాష్ వెలిగింది. శారోన్ తండ్రిని స్టూడియో గోడకి ఆనించి నిలబెట్టి, కెమెరా నిలువుగా తిప్పి, మోచెయ్యి లేపి నొక్కింది. ఎడమపక్క ఉండాల్సిన ఫ్లాష్ ఇప్పుడు కిందికి పోయింది. కిందనుంచి వెలుగు కొట్టేసరికి ముక్కుపుటాలు రెండూ గుహల్లా తెరుచుకున్నాయి, నీడ ఆయన నెత్తిమీంచి లేచి గోడంతా పాకి దూలాన్ని పట్టుకుంది. ఆయన కెమెరా వెనక బొమ్మని కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నా భూస్థాపన అయ్యేక లేచొచ్చినట్టున్నాను" అన్నాడు.

శారోన్‌కి నవ్వు రాలేదు. తీగని ఆ బద్దీకే కసిగా చుట్టి కెమెరా సంచి అడుగున కుక్కేసింది. పక్కన నీడ తియ్యమంటే నెత్తిన నీడ పెట్టే వస్తువు లోకంలో ఎవడికి పనికొస్తుందో ఆమెకి తెలియలేదు.

ఈలోగా సన్నీ వాళ్ళింటికి ఒకసారి వెళ్ళాల్సి వచ్చింది, మళ్ళీ తీసే రోజు మాట్లాడ్డానికి. ఆ పాత ఫోటోని సన్నీ గోడవైపు తిప్పి ముందుగదిలో బీరువా పక్కన పెట్టాడని ఫోన్‌లో చెప్పాడు. ఆమె వెళ్ళేసరికి అది బొమ్మ ఇటువైపుకి ఉండి, వచ్చేపోయేవాళ్ళందరికీ కనపడేలా నిలబడి ఉంది. సన్నీ మాట్లాడుతూనే వెళ్ళి మళ్ళీ తిప్పాడు. తరవాతి వారం వెళ్తే అప్పుడూ ఇటువైపే ఉంది. జాస్మిన్ తల వంచుకుని వంటింటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది, రూతమ్మ కొబ్బరాకులు చీరుతూ ఈనెలు తీస్తూ కూర్చుంది. ముసలావిడే పనిగట్టుకుని తిప్పుతోంది, తన పరువు తియ్యడానికి, అనుకుంది శారోన్. అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? బ్లెస్సీ బీరువా పక్కన నేలమీద కూర్చుని పలకమీద ఏదో గీసుకుంటోంది.

ఇక అమలాపురాన్ని నమ్ముకుంటే లాభం లేదని శారోన్ సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుంది. బ్రాకెట్లలో ఇన్ని రకాలున్నాయని ఆమెకి అప్పటిదాకా తెలీదు. ఒకదాంట్లో ఫ్లాష్ ఉన్న చెయ్యి ఊగుతుంది. కెమెరా ఎటు తిప్పినా ఆ చేతిని ఇటు తోస్తే ఫ్లాష్ మళ్ళీ నెత్తిమీదికే వస్తుంది. ఇంకోదాంట్లో చెయ్యి కదలదు, కెమెరాయే చట్రంలో గిర్రున తిరుగుతుంది. చట్రం రకం బాగుందిగానీ బ్యాటరీ మార్చాలంటే మొత్తం ఊడదీయాలి, పెళ్ళికూతురు ఉంగరం తొడుగుతుంటే ఆగమంటే ఆగుతుందా? ఊగే రకంలో తేలికవి వణుకుతాయట. గట్టివి బరువట. ఎంత బరువో రాసినవాళ్ళు ఎవరెవరో మగవాళ్ళు, వాళ్ళ అరచేతులు బొమ్మల్లో చేటలంత ఉన్నాయి. తన చేతికి ఆ పిడి పడుతుందా, వేళ్ళు అందుతాయా అని ఎవరూ రాయలేదు. కళ్ళు లాగేదాకా చదివి, మధ్యరకం ఒకటి తెప్పించుకుంది.

ఆ పార్సెలు రాజోలు రాలేదు. స్టూడియో తలుపులు బార్లా తెరిచి, తండ్రి గుమ్మం ఎదురుగా కూర్చుని ఉండగానే, ఇంటికి తాళం వేసి ఉందని ఫోన్‌కి మెసేజి వచ్చింది. అది రావులపాలెంలో ఉందని కనుక్కోవడానికి ఒక పూట పట్టింది. వెళ్తే, అరటిగెలల లారీలు రోడ్డుకి అడ్డం పెట్టుకుని అరుచుకుంటున్నారు. బస్సు కదలదు. దిగి, ఎండలో నడిచి, కొరియర్ ఆఫీసు పట్టుకుని, భోజనానికెళ్ళిన మనిషి వచ్చేదాకా మెట్లమీద కూర్చుంది. ఒక్క ఫోటోకోసం, ఒక్క నీడకోసం ఇలా తిరుగుతున్నందుకు తనమీద తనకే ఏడుపొచ్చింది. పొట్లం విప్పాక మాత్రం కాస్త మెత్తబడింది. బ్రాకెట్ నల్లగా నిగనిగలాడుతోంది. దాని తీగ కూడా దాంతోనే వచ్చింది. చెయ్యి తోస్తే టక్కుమని తిరిగింది. స్టూడియోలో పేతురు మీద ప్రయత్నిస్తే ఆయన ఒక్కడే వచ్చాడు, నీడ రాలేదు. ఆ రాత్రి శారోన్ కడుపునిండా అన్నం తింది.

అనుకున్న ఆదివారం మధ్యాహ్నం, సాయంత్రపు ఆరాధనకి ముందు, పాస్టరుగారు చర్చి తాళాలిచ్చారు. మర్నాడు సాయంత్రం సన్నీ ప్రయాణం. పెళ్ళయిపోయిన మనిషి మళ్ళీ పెళ్ళికూతురవడం ఎంత కష్టమో జాస్మిన్ మొహంలో తెలుస్తోంది. అదే తెల్లచీర, అదే వెయిల్, చేతిలో కొత్త పూలు. సన్నీ సూటులో చెమటలు కక్కుతున్నాడు. రూతమ్మ ముందు బెంచీలో కూర్చుంది. బ్లెస్సీని ఇంట్లో వదిలి రావడానికి ఎవరూ లేక వెంట తెచ్చారు. ఆ పిల్ల శారోన్ చుట్టూ తిరుగుతోంది.

శారోన్ కెమెరా ఎత్తి, తిప్పి, బ్రాకెట్ చేతిని తోసింది. టక్కుమంది. తల పైకెత్తి చూస్తే ఫ్లాష్ మెల్లగా, ఎంతో నింపాదిగా, ముందుకి వాలిపోతోంది. బిగించింది. మళ్ళీ వాలింది. ఇంకాస్త గట్టిగా బిగించబోతే కీలు దగ్గర మర చటుక్కున విరిగి, ఫ్లాష్ తీగకి వేలాడింది. స్టూడియోలో ఒకటి రెండు సార్లు తిప్పి మురిసిపోయిన మనిషికి, బరువు ఎత్తుకుని నిలబడితే ఆ కీలు ఎంతసేపు ఆగుతుందో చూడాలని తట్టలేదు.

సన్నీ గడియారం చూసుకోకూడదని చూసుకోకుండా ఉన్నాడు, అది ఇంకా బాధగా ఉంది. శారోన్ సంచిలో చెయ్యి పెడితే అడుగున శ్యామ్ బాబు బద్దీ తగిలింది. వేరే దారి లేదు. దాన్నే బిగించింది. అలవాటు ప్రకారం కెమెరా తిప్పి, మోచెయ్యి లేపి నొక్కింది. ఏం వస్తుందో తెలిసే నొక్కింది. వచ్చింది. ఇద్దరి నెత్తిమీంచీ రెండు నీడలు లేచి నీలం పైకప్పు దాకా పోయాయి.

ఆమె మొహం చూసి జాస్మిన్‌కి అర్థమైపోయింది. పూలు కిందికి దించి, గొంతు పైకి రాకుండా అడిగింది.

"ఇంకా ఉందాండీ?"

శారోన్ తలూపింది. ఆ కెమెరానీ, ఆ బద్దీనీ, నమ్మి కొన్న సామానంతా మూటగట్టి వశిష్ఠ గోదావరిలో పారెయ్యాలన్నంత కోపం వచ్చింది. ఇంకోసారి నొక్కుదామని కెమెరా ఎత్తబోతే, కుడిపక్కన బ్లెస్సీ ఆనుకుని నిలబడి ఉంది, మునివేళ్ళమీద లేచి, వెనక బొమ్మ ఎలా పడుతుందో చూడ్డానికి. అక్కడ మోచెయ్యి లేపితే పిల్ల కన్ను పోతుంది. జరగమంటే జరగలేదు. ఖాళీ చర్చి. వీపుమీద ఎక్కే మేనత్తలు లేరు, ఆపాల్సిన జనమే లేరు. శారోన్ విసుగ్గా కెమెరాని రెండో వైపుకి తిప్పింది. కుడిచెయ్యి కిందికి వచ్చింది, మోచెయ్యి డొక్కకి ఆనుకుంది, ఎడమపక్క ఉన్న ఫ్లాష్ లేచి నెత్తిమీదికి పోయింది. నొక్కింది.

బొమ్మ చూసింది. మళ్ళీ చూసింది. సన్నీ, జాస్మిన్. వాళ్ళ వెనక తెర, తెరమీద వాక్యం ఒక్క అక్షరం పోకుండా. నీడలు రెండూ దిగిపోయి వాళ్ళ వీపుల వెనక ఎక్కడో కూర్చున్నాయి.

ఇంతేనా అనుకుంది. శ్యామ్ బాబు అటక మీంచి దింపినరోజే ఇది ఆమె చేతిలో ఉంది. ఇటు కాకుండా అటు తిప్పి ఉంటే ఆ రోజే అయిపోయేది. ఎండలో రావులపాలెం మెట్లూ, ఫోన్లూ, బతిమాలడాలూ, అన్నీ ఒక మోచేతి కోసం. లేని జనాన్ని అడ్డుకోడానికి ఇన్నాళ్ళూ ఆ మోచెయ్యి లేపుతూనే ఉంది. తండ్రిమీద కోపం వచ్చింది, వెంటనే తనమీద వచ్చింది. ఏదీ బయటికి చెప్పేది కాదు. "పూలు కాస్త పైకి పట్టుకోండమ్మా" అని వరసగా తీసుకుంటూ పోయింది.

మర్నాడు పొద్దున్నే అమలాపురం వెళ్ళి, ల్యాబువాడి నెత్తిన కూర్చుని ఫోటో కడిగించి, ఫ్రేము కట్టించి, మధ్యాహ్నానికి సన్నీ ఇంటికి పట్టుకెళ్ళింది. ముందుగదిలో పెట్టెలకి తాళ్ళు కడుతున్నారు. ఫోటో చేతికి తీసుకుని జాస్మిన్ ముందు మనుషుల్ని చూడలేదు, గోడ చూసింది. భుజం పక్కన, వెనక, పైన, వేలు పెట్టి తడిమింది. తరవాత ఊపిరి వదిలి, మెల్లగా నవ్వింది. పెళ్ళయ్యాక ఆమె నవ్వగా శారోన్ చూడ్డం అదే మొదటిసారి. సన్నీ ఫోటోని మేకుకి తగిలించాడు. రూతమ్మ, బాగుందమ్మా, గది నిండుగా ఉంది అంది. పాతదాన్ని తీసుకెళ్ళిపోయి చింపెయ్యండక్కా అని జాస్మిన్ అడిగింది. శారోన్ ఆ మాటకోసమే ఎదురుచూస్తున్నట్టు దాన్ని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఈస్టర్ పెళ్ళిళ్ళు కళ్ళముందు కదిలాయి.

అప్పుడొచ్చింది బ్లెస్సీ, స్కూలు సంచి భుజాన వేసుకుని. నాన్న ప్రయాణమని ముందే పంపించారు. రావడం రావడం తిన్నగా బీరువా పక్కకి వెళ్ళింది. అక్కడేమీ లేదు. వంగి బీరువా వెనక చూసింది, మంచం కింద చూసింది. లేచి మేకుకున్న కొత్త ఫోటోని చూసింది.

"పిన్నీ, ముగ్గురున్న ఫోటో ఏదీ?"

"ముగ్గురెవరమ్మా?" అంది జాస్మిన్.

"నాన్న, నువ్వు, అమ్మ."

తాళ్ళు కడుతున్న సన్నీ చేతులు ఆగిపోయాయి. జాస్మిన్ ఆ పిల్ల ముందు మోకాళ్ళమీద కూర్చుంది. రోజూ దాన్ని ఇటు తిప్పుతున్నది నువ్వా అని అడిగింది. బ్లెస్సీ తలూపింది. గోడవైపు తిప్పి పెడితే అమ్మకి ఆయాసం వస్తుంది కదా అంది. ఇందులో వింతేముంది అన్నట్టు మామూలుగా అంది. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ ముసలమ్మని మనసులో ఎన్ని మాటలన్నదో శారోన్‌కి గుర్తొచ్చి తల దించుకుంది.

జాస్మిన్ లేచి అత్తగారి దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"ట్రంకుపెట్టె తాళం ఇవ్వండత్తయ్యా. అక్కవి మంచి ఫోటోలుంటాయి కదా. మొహం కనపడేవి. అవి పెడదాం పిల్లకి."

రూతమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. అది చేతులు మారకముందే బ్లెస్సీ తల అడ్డంగా ఊపింది.

"అవొద్దు. అందులో నువ్వు లేవు కదా పిన్నీ."

జాస్మిన్ మొహం ఒక్కసారి మారిపోయింది. పిల్లని దగ్గరికి లాక్కుని, దాని జుట్టులో మొహం దాచుకుని ఉండిపోయింది. కాసేపటికి తలెత్తకుండానే ఒక చెయ్యి శారోన్ వైపు చాపింది. ఏం కావాలో ఎవరూ అడగలేదు. శారోన్ సంచిలోంచి పొట్లం తీసి, పేపరు విప్పి ఆ చేతిలో పెట్టింది. జాస్మిన్ పమిటకొంగుతో అద్దం తుడిచింది. ఎక్కడ పెడదామమ్మా అంటే బ్లెస్సీ తన మంచం పక్కన, తన కళ్ళకి ఎదురుగా, నడుమెత్తులో గోడమీద వేలు పెట్టింది. సన్నీ సుత్తి తెచ్చాడు. అతను మేకు కొట్టి తగిలిస్తుంటే ఫ్రేము కదలకుండా శారోనే పట్టుకుంది. అంత దగ్గర్నుంచి చూస్తే, నిజమే, కొప్పు దగ్గర ఎవరో ఉన్నట్టే ఉంది.

స్టూడియోకి వచ్చేసరికి పేతురు గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. ఆమె మెట్టెక్కీ ఎక్కకముందే అడిగాడు.

"ఏమన్నారమ్మా? ఆ నీడ వదిలిందా?"

శారోన్ కెమెరా సంచి కౌంటరు మీద పెట్టి, శ్యామ్ బాబు బద్దీ తీసి, దానికి చుట్టిన తీగ విప్పుతూ చెప్పింది.

"లేదు నాన్నగారూ. మేకు కొట్టి తగిలించుకున్నారు."